కడగని గిన్నె

ఆ ఇంట్లో కోడలు ఒక్కతే గాని అత్తలు ఇద్దరు. ఒకావిడ హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వీధిలో పోయేవాళ్ళనూ ఇంట్లో తిరిగేవాళ్ళనూ ఒకే చూపుతో కనిపెట్టే భర్త తల్లి. రెండోది వంటింటి పక్క బల్ల మీద పాత లాప్‌టాప్‌లో కాపురముండేది. దాని అసలు పేరు కంపైలరు. మనిషి రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టడం దాని పని. కాని కోడలు ఎంచుకున్న భాషలో ఆ కంపైలరుకు పట్టింపులు జాస్తి. ఒక వస్తువు ఒకరి చేతిలో ఉండగా ఇంకొకరు దాన్ని కదపబోతే ఒప్పుకోదు. ఒకసారి ఇచ్చేసినదాన్ని మళ్ళీ ముట్టుకోబోతే ఒప్పుకోదు. సమాచారం పోసుకునే చోటును ఖాళీ గిన్నె అని చెప్పి తెస్తే, అది నిజంగా కడిగిన గిన్నేనా అని రుజువడుగుతుంది. తప్పు దిద్దుకునేదాకా ఎర్ర అక్షరాలతో ఇంత పొడుగున దండకం చదువుతుందే గాని పని ముందుకు సాగనివ్వదు.

"ఏమంటోందమ్మాయ్ నీ రెండో అత్త?" అని అసలత్తగారు హాల్లోంచి కేకేసేది.

"ఈ గిన్నె ఎవరిదో తేల్చమంటోంది అత్తయ్యా."

"తేల్చు మరి. నేనడిగితే మాత్రం ఏ గిన్నె ఎక్కడుందో చెప్పవు."

ఆమె నవ్వుకుని మళ్ళీ రాతలో పడేది.

ఆమె కంప్యూటర్ల చదువు చదివింది. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు ఉద్యోగం కూడా చేసింది. పాప పుట్టాక మానేసింది. మానేయమని ఎవరూ అనలేదు. ఎవరూ ఏమీ అనకుండానే ఆ ఇంట్లో చాలా విషయాలు అలా సర్దుకుంటూ వచ్చాయి. భర్త, మరిది కలిసి ఒక చిన్న కంపెనీ నడిపేవారు. టైర్ల కొట్టు మీద రెండు గదులు, కిందినుంచి ఎప్పుడూ రబ్బరు వాసన. భర్త మాటలు చూసుకునేవాడు, మరిది మిషన్లు చూసుకునేవాడు. ఒక ఆసుపత్రివాళ్ళ పరీక్షల ఫలితాలు రోగుల ఫోన్లకు చేర్చడం వాళ్ళకున్న పెద్ద పని. పొద్దున్నే అందరూ ఒక్కసారి ఫోన్లు తెరిచేసరికి వెబ్ సర్వర్ కూలబడేది. వెబ్ సర్వరంటే మరేం లేదు, వడ్డించే మనిషి. ఎక్కడో కూర్చున్నవాళ్ళు ఫోన్లో ఒక పేజీ అడిగితే, అది తెచ్చి వాళ్ళ ముందు పెట్టేది. వీళ్ళ పాత సర్వరు, పాల పాకెట్టు తేవడానికి రాళ్ళ లారీ వేసుకు వెళ్ళినట్టుండేది. అన్నం ముందు కూర్చున్న అన్నదమ్ములు ఫోను మోగగానే చేతులు కడుక్కుని పరుగెత్తడం చూసి చూసి, కూరలు చల్లారిపోవడం చూసి చూసి, ఆమె ఒక కొత్త సర్వరు రాయడం మొదలుపెట్టింది.

దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. బరువు లేదు, అల్లరి లేదు, అడిగినవాడి చేతిలో అడిగింది పెట్టి మళ్ళీ ఎగిరిపోయేది. మొత్తం ప్రోగ్రాం ఒక ఫోటో అంత కూడా ఉండేది కాదు. పాప బడికి వెళ్ళాక, అత్తగారు కునుకు తీసే వేళ, కుక్కర్ ఆవిరి దిగేలోపల, అలా రాసింది. పిచ్చుక వచ్చాక అన్నాల వేళ ఫోన్లు మోగడం మానేశాయి. అన్నదమ్ములకు ఒళ్ళొచ్చింది. కంపెనీలో అందరూ దాన్ని 'వదినగారి సర్వరు' అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె పైకి ఏమీ ఎరగనట్టుండేది గాని, ఆ పూట కూరలో ఉప్పు సరిగ్గా కుదిరేది.

ఆ భాషలో ఒక వెసులుబాటు ఉంది. ఎక్కడైనా కంపైలరు చాదస్తం మరీ అడ్డమనిపిస్తే, ఆ కాసిని వరసల చుట్టూ 'అన్‌సేఫ్' అని కంచె వేసుకోవచ్చు. అంటే, "ఇక్కడ నువ్వు చూడకు, పూచీ నాది" అని కంపైలరుతో చెప్పడం. అప్పుడది నోరు మూసుకుంటుంది. పిచ్చుకలో తను రాసినదాంట్లో ఆమె ఆ మాట ఎక్కడా వాడలేదు. ఒకరి కాగితం ముక్క ఇంకొకరి చేతిలో పడే వీలు మచ్చుకైనా ఉండకూడదని ఆమె పంతం. ఆసుపత్రి కాగితాలవి. ఒకరి రోగం ఇంకొకరికి తెలియనక్కర్లేదు.

ఆ పంతానికి ఎసరు పెట్టింది పోటీ. ఆ ఆసుపత్రివాళ్ళు తమ శాఖలన్నిటికీ ఒకే సర్వరు పెట్టుకోదలచి, నాలుగైదు కంపెనీల్ని పిలిచి, ఎవరిది వేగంగా వడ్డిస్తుందో చూస్తామన్నారు. మరిది వచ్చి వంటింటి గుమ్మానికి జారబడ్డాడు.

"వదినా, మన పిచ్చుక రెండో స్థానంలో ఉందట. వెంట్రుకవాసిలో పోతోంది."

"రెండోదైతే ఏమయ్యా? పేజీ అడిగినవాడికి తేడా తెలుస్తుందా?"

"వాడికి తెలీదు. పోటీ పెట్టినవాళ్ళకు తెలుస్తుంది. ఒక్కటే చూడు. మనం ఒకరికి వడ్డించిన గిన్నెను కడిగి, తుడిచి, అప్పుడు రెండోవాడికి వాడుతున్నాం. అంత కడుగుడు దేనికి? పైనుంచి కొత్తది పోస్తాంగా, పాతది కనపడదు."

"కొత్తది తక్కువైతే? అడుగున పాతది కనపడదూ?"

"ఎంత పోశామో లెక్క ఉంటుంది కదా. అంతవరకే ఇస్తాం."

"ఆ లెక్క తప్పితే?"

"తప్పదు. రాసేది నేను."

హాల్లోంచి అత్తగారి గొంతు తేలివచ్చింది. "వాడు కడిగితే జిడ్డు అలాగే ఉంటుందమ్మాయ్. చిన్నప్పుడు వాడిచేత గిన్నెలు తోమించి, వాడు అటు వెళ్ళగానే నేను మళ్ళీ తోముకునేదాన్ని."

"అమ్మా, ఇది ఆ గిన్నెల సంగతి కాదే!"

"ఏ గిన్నెలైతే ఏంరా. చేతులు అవేగా."

అందరూ నవ్వారు. మరిది కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వి, "ఎంగిలి గిన్నెలో వడ్డించడం నా వల్ల కాదు, నన్నడగకు" అని పొయ్యి వైపు తిరిగింది. ఆమె లెక్కలో మాట అక్కడితో అయిపోయింది.

మరిది ఆమెను మళ్ళీ అడగలేదు. తనే చేసేశాడు. పోటీ గెలిచి, స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి, వదిన చేతిలో పెడుతూ, "కాస్త మెరుగు పెట్టాను వదినా, ఏమీ అనుకోకు" అన్నాడు. ఆమె డబ్బా మూత తీయకుండానే లాప్‌టాప్ తెరిచింది. తను గీసిన ముగ్గు మధ్యలో ఎవరో చెప్పులతో నడిచి వెళ్ళినట్టు, అన్‌సేఫ్ అని కంచె వేసి ఉన్నాయి, కాసిని వరసలు.

భర్తతో చెప్పింది. "తీసేయమనండి."

"గెలిచిన మర్నాడే కదిలిస్తామా? కాస్త సర్దుకోనీ. తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' అనేది ఎప్పుడొస్తుందో ఆ ఇంట్లో ఆమెకు బాగా తెలుసు. మేడ మీద గది ఆమెకు పనిగదిగా ఇస్తామన్నప్పటి 'తర్వాత' కూడా ఇంకా రాలేదు.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒక బస్సు డ్రైవరు తన షుగరు పరీక్ష ఫలితం ఫోన్లో తెరిచాడు. చిన్న పేజీ. తన అంకెలు చూసుకున్నాడు. కింద ఇంకా ఏవో వరసలున్నాయి. ఊపిరితిత్తుల జబ్బు పేరేదో ఉంది. అది తనకే ఉందేమోనని హడలి మందుల షాపుకు పరుగెత్తి ఫోను చూపించాడు. షాపతను చదివి, "ఇది నీది కాదన్నా, ఎవరో ఆడమనిషిది" అని పేరు పైకి చదివాడు. ఆ పేరు డ్రైవరుకు తెలుసు. అతని చిన్నకొడుకు చదివే నర్సరీ స్కూల్లో టీచరు.

డ్రైవరు చెడ్డవాడు కాదు. పిల్లవాడి తండ్రి, అంతే. భార్యతో చెప్పాడు. భార్య పక్కింటావిడతో చెప్పింది. మర్నాటికి పిల్లల తల్లిదండ్రులందరి ఫోన్లలోనూ ఆ పేజీ ఉంది. స్కూలువాళ్ళు టీచరును ఇంట్లోనే ఉండమన్నారు. ఆమె అద్దెకున్న ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ప్రతి పేజీకీ చివర పేరు, చిరునామా, జబ్బు పేరు మరోసారి వేయడం ఆ ఆసుపత్రి అలవాటు. ఆ టీచరుకు మందులు పనిచేశాయనీ, అంటుకునే దశ దాటిపోయిందనీ, పనికి వెళ్ళొచ్చనీ డాక్టరు రాసిన మాట పేజీ మధ్యలో ఉంది. కాని డ్రైవరు షుగరు అంకెలు వచ్చి పడింది ఆ మాట మీదే. అడుగున కడగకుండా మిగిలింది జబ్బు పేరొక్కటే.

ఆ సంగతి విన్న రోజు ఆమె చాలాసేపు సింకు దగ్గర నిలబడిపోయింది. కొళాయి తిప్పి ఉంది, చేతిలో ఏ గిన్నే లేదు.

మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ వేళగాని వేళ ఇంటికి వచ్చారు. భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు గాని కంచాలు అడగలేదు.

"రేపు ఆసుపత్రి సూపరింటెండెంటు మేడం రమ్మంది" అన్నాడు భర్త. "ఆ టీచరు కూడా వస్తోందట."

"ఏం చెబుతారు?"

అతను బల్ల మీద లేని మెతుకును గోటితో గీకాడు. "తప్పు ఎవరిదో చెప్పాలంటున్నారు. వాడిదని చెబితే వాడి బతుకు పోతుంది, ఇక ఎవరూ పని ఇవ్వరు. నాదని చెబితే కంపెనీ పోతుంది. నువ్వైతే..." ఆగాడు. "నీకెలాగూ ఉద్యోగం లేదుగా. పోయేదేముంది?"

పోయేదేముందో ఆమె నిజంగానే ఆలోచించింది. చెప్పడానికి పేరున్న వస్తువు ఏదీ దొరకలేదు. పిచ్చుకకు జీతం లేదు. హోదా లేదు. కంపెనీ బోర్డు మీద ఎక్కడా ఆమె పేరు లేదు. లేనిది పోతుందని ఎలా చెప్పడం?

మరిది తల వంచుకునే అన్నాడు. "మొత్తం నువ్వు రాసిందే కదా వదినా. నేను మార్చింది కాసింత."

"ఆ కాసింత చుట్టూనే కదయ్యా 'పూచీ నాది' అని రాశావు. ఎవరి పూచీ అనుకున్నావు అది రాసినప్పుడు?"

మరిది ఇబ్బందిగా నవ్వాడు. "అది కంపైలరుకు చెప్పే మాట వదినా. మనుషులకు కాదు."

ఆమె హాలు వైపు చూసింది. ప్రతిదానికీ అక్కడినుంచే జవాబొస్తుంది. ఇవాళ అత్తగారు కిటికీలోంచి వీధిని చూస్తోంది. వీధిలో ఎవరూ లేరు.

"సరే" అంది ఆమె. "చెబుతాను. కాని ముందు ఆ వరసలు తీసేస్తాను. నా చేత్తో తీస్తాను, నా కళ్ళముందు ఎక్కించాలి."

"దాన్దేముంది" అన్నారు ఇద్దరూ ఒకేసారి. అంత తొందరగా ఒప్పుకున్నందుకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. మాట పడేది తను, బాగుపడేది పిచ్చుక, బేరం బాగానే ఉందనుకుంది.

ఆ సాయంత్రమే కూర్చుని కంచె పీకేసి, కడగడం తుడవడం మళ్ళీ యథాప్రకారం పెట్టింది. కంపైలరు ఒక్క ఎర్ర అక్షరం కూడా రాయకుండా ఊరుకుంది. మరిది దాన్ని ఆమె కళ్ళముందే ఆసుపత్రి పనికి ఎక్కించాడు. ఆమె రోజూ పొద్దున్నే కాఫీ కలుపుకునే ముందు ఒక పని చేసేది. పిచ్చుకను బయటి మనిషిలా, ఎవరికీ చెందని ఒక ఖాళీ పేజీ, అదే పనిగా అడిగి, ఇవ్వడానికి ఎంతసేపు పడుతోందో ఒక గీత గీయించుకునేది. పిల్ల జ్వరం చూసుకునే తల్లి అలవాటు లాంటిది. మర్నాడు ఆ గీత కాస్త పైకి లేచింది, పిచ్చుక ఆ మేరకు నెమ్మదించింది. మనిషికి తెలిసే తేడా కాదు. కన్నార్పడానికి పట్టే కాలంలో అది ఎన్నోవంతో. కాని ఆ చిన్న మెట్టు చూసి ఆమెకు కడుపు చల్లబడింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు విన్నట్టనిపించింది.

సూపరింటెండెంటు గదిలో కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. టీచరు అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది. చిన్నపిల్ల. మెడలో స్కూలు గుర్తింపు కార్డు ఇంకా ఉంది. భర్త టీచరు పక్క కుర్చీ లాగి కూర్చోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో కుర్చీకి మారాడు. టీచరు చూసింది. ఆ ఖాళీ కుర్చీలో కోడలు కూర్చుంది.

"తప్పు నాదండీ" అంది, ఎవరూ అడగకముందే. ఇంటి దగ్గర చాలాసార్లు అనుకుని వచ్చిన మాట కాబట్టి తడబడలేదు.

టీచరు ఆమె వైపు తిరిగింది. "మీరు ఈ కంపెనీలో ఏం చేస్తారండీ?"

"ఉద్యోగం కాదండీ. ఇంట్లోనే ఉంటాను."

"ఇంట్లో ఉండి..." టీచరుకు అర్థం కాలేదు. "ఊరికే కాలక్షేపానికి చేశారా ఇది?"

ఆమె నోరు తెరిచింది. ఈలోపల భర్త అందుకున్నాడు. "అవునండీ, ఏదో తీరిక వేళల్లో, సరదాకొద్దీ. ఆడవాళ్ళు ముచ్చటపడి చేశారు కదా అని మేమే కాదనలేక వాడేశాం. పొరపాటు మాదేనండీ, నమ్మడం."

మరిది ఫోను చూసుకుంటున్నాడు.

తప్పు తనదని చెప్పడానికే ఆమె సిద్ధపడి వచ్చింది. సరదా అని చెప్పడానికి సిద్ధపడలేదు. కుక్కర్ ఆవిరి దిగేలోపల రాసిన ఒక్కొక్క వరసా, చెరిపి రాసి మళ్ళీ చెరిపిన గిన్నెల లెక్కలూ కళ్ళముందు ఆడాయి. ఏదో ఒకటి అనాలనుకుంది. టీచరు ముఖం చూసి అనలేకపోయింది.

"పిల్లలు నన్ను చూసి ముక్కులు మూసుకుంటున్నారండీ" అంది టీచరు మెల్లగా. "వాళ్ళకు ముక్కు తుడుచుకోవడం నేర్పింది నేనే."

తర్వాత సూపరింటెండెంటు గొంతు సవరించుకుంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తీర్పు చెప్పింది. స్కూలుకు తను స్వయంగా ఫోను చేసి మాట్లాడుతుంది. కంపెనీ మీద ఆసుపత్రికి కోపం లేదు, పని బాగానే చేస్తున్నారు. "కాని ఒకటి. ఈవిడ ఇకమీదట దీని జోలికి రాకూడదు. ఇలాంటివి ఇంట్లో కూర్చుని చేసే పనులు కావు. అంతా ఈ ఇంజనీరుగారి చేతిలోనే ఉండాలి." అంటూ మరిదిని చూపించింది. "ఒప్పందంలో రాసుకుందాం."

"తప్పకుండా మేడం" అన్నాడు భర్త.

ఇంటికి వచ్చేటప్పుడు కార్లో అతను చాలా తేలికపడ్డాడు. "గండం గట్టెక్కించావోయ్" అన్నాడు. మరిది వెనకసీట్లోంచి ముందుకు వంగి, "నీ మేలు మర్చిపోను వదినా" అన్నాడు. నిజంగానే అన్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. ఆ సాయంత్రమే ఆమె లాప్‌టాప్‌కు పిచ్చుక తలుపులు మూసేశాడు. చూడ్డానికి కూడా వీలు లేకుండా. ఒప్పందం మరి.

టీచరును స్కూలువాళ్ళు మళ్ళీ పిలిచారట. చిన్నపిల్లల దగ్గరికి కాదు, ఆఫీసు గదిలో కాగితాలు సర్దే పనికి. ఆ మాట డ్రైవరు భార్య ద్వారా తిరిగి తిరిగి అత్తగారి కిటికీ దాకా వచ్చింది.

రోజులు గడిచాయి. చూడకూడదన్నారు గాని, బయటి మనిషిలా అడగకూడదని ఎవరూ అనలేదు. ఆ ఖాళీ పేజీని ఎవరైనా అడగవచ్చు. కాబట్టి ఆమె పొద్దున్నే గీత గీయించుకోవడం మానలేదు. ఆమెకు మిగిలింది అదొక్కటే. గీత ఎప్పుడూ ఆ చిన్న మెట్టు మీదే ఉండేది. ఉంది కదా అని కాఫీ కలుపుకునేది.

ఒక పొద్దున గీత కిందికి దిగి ఉంది. ఏదో పొరపాటనుకుని మళ్ళీ గీయించింది. మళ్ళీ అక్కడే. పాత చోటే, మరిది మెరుగు పెట్టిన రోజుల్లో ఉన్న చోటే, సరిగ్గా. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా ఆమె లేవలేదు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. "మళ్ళీ పెట్టావా?"

మరిది బుకాయించలేదు. ఎలా కనిపెట్టిందా అని ఒక క్షణం ఆశ్చర్యపోయాడు, అంతే. "ఇంకో పెద్ద ఆసుపత్రి వాళ్ళు చూస్తామన్నారు వదినా. వేగం లేకపోతే మన మొహం చూడరు. ఈసారి లెక్క సరిచేసే పెట్టాలే."

"చూపించు."

"నువ్వు చూడకూడదని రాసుకున్నాం కదా." అందులో కపటం లేదు. గుర్తుచేస్తున్నాడు, అంతే. "నిజంగా సరిచేశాను. నా మీద ఒట్టు."

"పోయినసారి కూడా తప్పదనే అన్నావు."

భర్త అన్నం కలుపుతూ విసుక్కున్నాడు. "ఇంక వదిలెయ్. ఒకసారి అంత జరిగాక వాడికి మాత్రం భయం ఉండదా?"

"భయం ఎందుకుంటుందండీ? పోయింది వాడిది కాదుగా."

కలిపే చెయ్యి ఆగింది. "అయితే ఇప్పుడేమంటావు? వెళ్ళి చెబుతావా? వెళ్ళు, చెప్పు. ఎవరు నమ్ముతారు? నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. నేనేమైనా నీ గొంతు పట్టుకుని అనిపించానా?"

లేదు. ఎవరూ గొంతు పట్టుకోలేదు. ఎవరూ ఏమీ అనకుండానే సర్దుకునే ఇల్లు అది.

అన్నదమ్ములు వెళ్ళిపోయాక అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే పిలిచింది. "ఆ రోజు ఒప్పుకునే ముందు నన్నొక మాట అడగాల్సిందమ్మాయ్."

"అడిగితే ఏమనేవారత్తయ్యా?"

ఆవిడ పైట కొంగు వేలికి చుట్టుకుని విప్పింది. "వాడు నా కొడుకు" అంది చివరికి.

"అందుకే అడగలేదు."

"నాకన్నా ఆ రెండో అత్తే నయం నీకు."

"అవునత్తయ్యా. మొహం మీద చెప్పేది."

అత్తగారు నొచ్చుకోలేదు. నొచ్చుకుని ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

చీర మార్చుకుని, పాపను బడినుంచి తెచ్చే పని అత్తగారికి అప్పజెప్పి, ఆసుపత్రికి వెళ్ళింది. సూపరింటెండెంటు గదిలో లేదు. వరండాలో ఎదురుపడింది. ఆమెను గుర్తుపట్టింది. ముఖంలో మర్యాద తగ్గలేదు గాని, నడక ఆగీ ఆగకుండా ఉంది.

"మేడం, ఆ వరసలు మళ్ళీ పెట్టారు. ఒకరి కాగితం ఇంకొకరికి మళ్ళీ పోవచ్చు. రోజూ పోదు. పెద్ద పేజీ వెనకే చిన్న పేజీ వచ్చినప్పుడు, అందరూ ఒక్కసారి అడిగినప్పుడు, అప్పుడు. ఒకసారి వేరే ఎవరిచేతైనా చూపించండి."

"ఎవరు పెట్టారు?"

"మా మరిది. మొదట పెట్టింది కూడా అతనే."

సూపరింటెండెంటు ఆగింది. "ఆ రోజు మీదే తప్పన్నారు."

"ఆ రోజు అబద్ధం చెప్పానండీ."

"మరి ఇవాళ చెప్పేది నిజమని నాకెలా తెలియాలమ్మా?"

ఆమె దగ్గర పొద్దున గీసిన గీత ఉంది. కాని ఆ గీత ఏమంటోందో ఈ వరండాలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, చెప్పే నోటికి విలువ లేదు.

"మీ ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు" అంది సూపరింటెండెంటు, ఈసారి కాస్త జాలిగా. "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి. ఫిర్యాదులేమీ రాలేదు. పేజీలు కూడా ఈ మధ్య ఇంకా బాగా వస్తున్నాయంటున్నారు." నర్సు ఎవరో పిలిస్తే అటు వెళ్ళిపోయింది.

ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. బెంచీల నిండా ఫోన్లు పట్టుకున్న మనుషులు. రక్తమిచ్చి, చేతికి దూది అంటించుకుని, ఫలితాల కోసం కూర్చున్నవాళ్ళు. టకటక తెరుస్తున్నారు. ఎవరి పేజీ వెనక ఎవరి పేజీ వస్తోందో. ఆమె తెలియకుండానే ఒక్కొక్కరి ముఖమూ చూడసాగింది, ఎవరి కనుబొమలు ముడిపడతాయా అని.

పక్కనున్నాయన కుడిచేతికి మోచేతిదాకా కట్టు ఉంది. గోళ్ళ చుట్టూ ఎండిన తెల్లరంగు. ఇళ్ళకు రంగులు వేసే మనిషి. ఎడంచేత్తో ఫోను పట్టుకుంటే నొక్కడానికి చెయ్యి లేదు.

"అమ్మా, కాస్త ఇది తెరిచిపెడతారా? నిచ్చెన మీంచి పడ్డాను. ఎముక సంగతేంటో చూడాలి."

ఆమె ఫోను తీసుకుంది. నొక్కింది. వేలు తీసేలోపల పేజీ వచ్చేసింది. ఆయన పేరు, ఆయన వయసు, ఆయన ఎముక. చిన్న పేజీ. ఆమె కిందికి జరిపింది. మళ్ళీ ఆయన పేరు, చిరునామా, విరిగిన చోటు. ఇంకా కిందికి జరిపింది. తెలుపు. ఇంకా జరిపింది. పేజీ ఇక కదలనని మొరాయించేదాకా జరిపింది.

"కింద ఇంకేమైనా ఉందామ్మా?" అన్నాడు రంగులాయన కంగారుగా. "చెడ్డదేమైనానా?"

"లేదండీ. ఇవాళ్టికేమీ లేదు."

ఆయన గట్టిగా ఊపిరి వదిలి, ఎడంచేత్తో ఫోను అందుకుని, మెరిసే తెరను మురిపెంగా చూసుకున్నాడు. "ఎంత స్పీడుగా వచ్చేసిందో చూశారా? ఎవరు చేశారో గాని, మంచి పనిమంతుడమ్మా."

"అవునండీ" అంది ఆమె. "చాలా తొందరగా వచ్చింది."